పట్టి ఉంచిన పాము ఎందుకు తినదు?

(వడమాలపేటలో చదువు కేంద్రానికి వచ్చేవారి ముందు చేసిన ప్రసంగం)

 

పాము గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పాము అంటే మాట్లాడేదానికి శానా ఉంది. కథలున్నాయి, భయాలున్నాయి, మొక్కులున్నాయి. వాటన్నిటి జోలికి నేను పోను. ఒక్క సంగతే చెబుతాను. మనిషి పట్టి ఉంచుకొన్న పాము తిండి ఎందుకు మానేస్తుంది? అంతే.

ఈ ప్రశ్న నాది కాదు. పోయిన వారం ఇక్కడే ఒక అక్క అడిగింది. "మా పుట్టింటి ఊరికి పాములాయన వచ్చినాడు సార్. బుట్ట మూత తీసినాడు. నాగుపాము. గిన్నెలో పాలు పెట్టినాం, తాగలేదు. కోడిగుడ్డు పెట్టినాం, ముట్టలేదు. స్వామి ఉపవాసం ఉన్నాడమ్మా, దక్షిణ పెట్టండి అన్నాడు. పాముకు ఉపవాసం ఉంటుందా సార్?" అని.

ఉంటుందమ్మా. పాము చేసినంత ఉపవాసం మనలో ఎవరూ చెయ్యలేరు. కాకపోతే అది చవితి చూసి చెయ్యదు, శనివారం చూసి చెయ్యదు. దానికి దాని కారణాలున్నాయి. కొన్ని మంచి కారణాలు. కొన్ని మనం తెచ్చిపెట్టిన కారణాలు. మంచివి ముందు చెబుతాను.

మనం రోజూ మూడు పూటలా తింటాం. ఎందుకు? పని చేసేదానికి అంటారు. నిజమే. కానీ తిన్నదాంట్లో పెద్ద భాగం ఇంకో పనికి పోతుంది. మన ఒళ్ళు చలికాలమైనా ఎండాకాలమైనా ఒకే వెచ్చదనంతో ఉండాలి. నిద్రలో కూడా ఉండాలి. లోపల పొయ్యి ఆరకుండా మండుతూ ఉండాలన్న మాట. సంగటి, అన్నం, అన్నీ ఆ పొయ్యికి కట్టెలే.

పాముకు ఆ పొయ్యి లేదు. దాని ఒళ్ళు బయటి గాలి ఎట్లుంటే అట్ల ఉంటుంది. ఎండలో వెచ్చగా, నీడలో చల్లగా. అందుకే దానికి తిండి ఖర్చు చాలా తక్కువ. ఒక పెద్ద ఎలుకను మింగిందంటే వారం, పది రోజులు దానికి వేరే తిండి అక్కర్లేదు. కొండచిలువ సంగతి చెప్పేదే లేదు. మేకపిల్లనో, కుందేలునో మింగితే వారాల తరబడి కదలకుండా పడుకొంటుంది. కడుపు నిండిన పాము ముందు ఎలుకను వదిలినా అది చూడదు. మనం బంతి భోజనం చేసి లేచినాక మళ్ళీ ఆకు వేస్తే కూర్చుంటామా?

కాబట్టి పాము తినలేదనగానే అది ఆకలితో ఉందని అనుకోకూడదు. ఎప్పుడు తినిందో మనకు తెలియదు గదా!

ఇంకొకటి వినండి. పొయ్యి వెలగకుంటే ఎసరు కాగదు. ఎసరు కాగకుంటే బియ్యం ఉడకదు. పాము కడుపు కూడా అంతే. తిన్నది అరగాలంటే ఒళ్ళు వేడెక్కాలి. ఆ వేడి ఎండ నుంచి రావాలి, వేడెక్కిన బండ నుంచి రావాలి. మార్గశిరం, పుష్యం నెలల్లో మన పక్క తెల్లవారుజామున మంచు దిగుతుంది. ఆ రోజుల్లో పాము బొరియలో ముడుచుకొని ఉంటుంది. తిండి తగ్గిస్తుంది, చాలాసార్లు మానేస్తుంది. చలిలో మింగితే ఎలుక కడుపులో అరగదు, కుళ్ళిపోతుంది. అప్పుడు పాము దాన్ని కక్కేస్తుంది. కక్కలేకపోతే చచ్చిపోతుంది. అందుకని చలిలో తినకపోవడం దానికి తెలివే.

కుబుసం సంగతి మీకు తెలుసు. చేలో, గట్టు మీద, రాళ్ళ సందుల్లో తెల్లటి పొర దొరుకుతుంది. పాముకు కంటి రెప్పలు లేవు. కన్ను మీద కూడా పారదర్శకంగా ఒక పొర ఉంటుంది. ఆ పొర కూడా కుబుసంతో పాటే ఊడి వస్తుంది. ఈసారి కుబుసం దొరికితే తల భాగం చూడండి, కళ్ళ దగ్గర రెండు గుండ్రటి పొరలు కనిపిస్తాయి. కుబుసం విడిచే ముందు పాత పొరకూ కొత్త పొరకూ మధ్య తడి చేరుతుంది. కళ్ళు పాలు పోసినట్లు మసకబారుతాయి. పాముకు సరిగ్గా కనిపించదు. చర్మం నొప్పిగా ఉంటుంది. ఆ వారం, పది రోజులు అది దాక్కొంటుంది. తిండి జోలికి పోదు. ఎవరైనా తాకితే మాత్రం చటుక్కున తిరగబడుతుంది. కనపడనివాడికి భయం ఎక్కువ గదా!

ఇక తల్లి పాములు. పొదిగే కోడిని మీరంతా చూసినారు. గింజలు దగ్గర పోసినా దిగదు. కడుపులో గుడ్లున్న పాము కూడా అట్లే తిండి తగ్గిస్తుంది. లోపల గుడ్లు నిండి ఉంటే ఎలుకకు చోటెక్కడ? మన శేషాచలం అడవుల్లో ఉండే కొండచిలువ గుడ్లు పెట్టి వాటి చుట్టూ చుట్టుకొంటుంది. దాదాపు రెండు నెలలు అట్లనే ఉంటుంది. తిండి ఉండదు. పైగా చలివేస్తే ఒళ్ళు ఒకటే పనిగా అదిరిస్తుంది. మనం వణికితే వెచ్చన పుట్టినట్లు, అది వణికి గుడ్లకు వెచ్చన ఇస్తుంది. లోపల పొయ్యి లేదని చెప్పినాను గదా. బిడ్డల కోసం ఆ రెండు నెలలు మాత్రం లేని పొయ్యిని రాజేసుకొంటుంది. అదీ ఖాళీ కడుపుతో.

మగపాములు జత కట్టే కాలంలో ఆడపాము వాసన పట్టుకొని తిరుగుతూ తిండి మరిచిపోతాయి. దీన్ని గురించి ఎక్కువ చెప్పను. పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళవాళ్ళకు తెలిసిన సంగతే!

ఇంతవరకు చెప్పినవి పాము తనకు తాను మానేసేవి. వీటివల్ల దానికి కీడు లేదు. కాలం తీరగానే మళ్ళీ తింటుంది.

ఇప్పుడు బుట్టలో పాము దగ్గరికి వద్దాం.

పాముకు మొదట కావలసింది తిండి కాదు, చోటు. ఒళ్ళు నాలుగు పక్కలా దేనికో ఒకదానికి తగులుతూ ఉండే ఇరుకు బొరియ కావాలి. చీకటి కావాలి. అక్కడ ఉంటేనే దానికి నిశ్చింత. తిన్నాక పాము బరువెక్కి పరుగెత్తలేదు. అంటే తినడం దానికి ప్రమాదమైన పని. శత్రువు లేడని నమ్మకం కుదిరితేనే నోరు తెరుస్తుంది. మరి బుట్టలో ఏముంది? బుట్ట ఇరుకే, చీకటే. కానీ రోజుకు ఇరవై సార్లు మూత తెరుస్తారు. బుర్ర ఊపుతారు. పడగ మీద చేత్తో కొడతారు. పాము పడగ విప్పిందంటే మనం ఆడుతోంది అంటాం. అది ఆట కాదు. భయపడి, నా జోలికి రావద్దని చెబుతోంది. అట్లా భయంతో నిలబడిన పాము ముందు కోడిగుడ్డు పెడితే తింటుందా? నిజానికి నాగుపాము గుడ్లు తినేదే. కోళ్ళ గూట్లో దూరి గుడ్లు మింగిన సంగతి మీలో కొందరు చూసే ఉంటారు. గూట్లో తిన్న పామే నడివీధిలో తినదు.

ఆకలి రుచి ఎరగదు అంటాం మనం. అది మనుషుల మాట. పాము విషయంలో అది చెల్లదు. ఒక్కో పాముకు ఒక్కో తిండి. నీళ్ళలో తిరిగే నీరుకట్టె పాముకు చేపలు, కప్పలు కావాలి. చెట్ల మీది పసిరిక పాముకు తొండలు కావాలి. జెర్రిపోతుకు, రక్తపింజరికి ఎలుకలు. వానపాములా ఉండే చిన్న గుడ్డిపాము చీమల గుడ్లు, చెదపురుగులు తిని బతుకుతుంది. రాచనాగు ఏం తింటుందో తెలుసా? పాములనే తింటుంది. నాలుక చాపి వాసన పట్టి, తన తిండి అవునా కాదా అని తేల్చుకొంటుంది. వాసన కుదరకపోతే ఎంత ఆకలి ఉన్నా వదిలేస్తుంది. జంతు ప్రదర్శనశాలల్లో రాచనాగు ఎలుకను ముట్టకపోతే, చచ్చిన ఎలుకకు పాము వాసన పట్టించి ఇస్తారు. అప్పుడు మింగుతుంది. చూడండి, అన్నీ తెలిసిన చోట కూడా ఎంత తంటా!

తరువాతి కారణం చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. పాములు ఆడించేవాళ్ళలో చాలామంది పట్టిన పాముకు కోరలు పీకేస్తారు. కొందరు విషపు తిత్తి కోసేస్తారు. కొందరు నోటికి దారంతో కుట్లు వేస్తారు. నాగుపాముకు విషం మనల్ని చంపేదానికి ఇవ్వలేదు దేవుడు. ఎలుకను పట్టేదానికి ఇచ్చినాడు. ఎలుకను చంపేదీ విషమే, లోపల అరిగేదానికి సాయం చేసేదీ విషమే. కోర పీకితే దాని చెయ్యి, కత్తి, రోలు ఒకేసారి లాక్కొన్నట్లే. పైగా నోట్లో పుండు. పుండు చీము పడుతుంది. పంటి నొప్పి వస్తే మనం మెత్తటి అన్నం కూడా తినలేమే, అది ఎలుకను ఎట్లా మింగుతుంది? బుట్టలో పాము ఉపవాసం ఉందంటే చాలాసార్లు అర్థం ఇదే. అది చచ్చిపోతోంది. చచ్చినాక అతను ఇంకో పాము పట్టుకొస్తాడు. బుట్ట అదే కాబట్టి పాము కూడా అదే అని మనం అనుకొంటాం.

మరి పండగనాడు పాలు తాగింది గదా, మేం కళ్ళారా చూసినాం అని కొందరు అంటారు. చూసింది నిజమే. పాము పాలు ఇచ్చే జీవి కాదు, పాలు తాగి పెరిగే జీవీ కాదు. పాలు అరిగించుకొనే శక్తి దాని కడుపుకు లేదు. దానికి కావలసింది నీళ్ళు. పండగకు ముందు రోజుల తరబడి నీళ్ళు లేకుండా ఎండగడతారు. గొంతు ఎండిన పాము ముందు ఏది పెట్టినా మూతి ముంచుతుంది. అది పాలనే కాదు, కుడితి పెట్టినా తాగుతుంది. నోరు పట్టి పోస్తే ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొన్నాళ్ళకు పాము చస్తుంది.

మన దగ్గర నాగుల చవితి కొందరు శ్రావణంలో చేస్తారు, కొందరు కార్తీకంలో చేస్తారు. పుట్టకు పూజ చెయ్యొద్దని నేను చెప్పను. ఎలుకల్ని తిని పంటను కాచే జీవికి ఒకరోజు దండం పెట్టడం మంచి ఆచారమే. పుట్టలో పోసిన పాలు మాత్రం పాము తాగదు, మట్టి తాగుతుంది. ఒక చుక్క పుట్టకు పోసి, మిగతాది చంటిబిడ్డకు పోసే తల్లులు మన ఊళ్ళల్లోనే ఉన్నారు. వాళ్ళకు నాగమ్మ మీద భక్తి తక్కువేం కాదు.

పాములోళ్ళను నేను తిట్టడం లేదు. తాతల నాటి నుంచి వాళ్ళ కూడు అదే. పాము ఏ బొరియలో ఉందో చెప్పగల నేర్పు వాళ్ళది. కానీ 1972లో వన్యప్రాణుల సంరక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇప్పుడు నాగుపామును పట్టడం, ఉంచుకోవడం, ఆడించడం నేరం. మరి ఆ నేర్పు ఏం కావాలి? దీనికి మన పొరుగునే ఒక దారి ఉంది. మన జిల్లాలో యానాదులు ఎలుకలు పట్టడంలో ఎంత నేర్పరులో, తమిళనాడులో ఇరుళర్లు పాములు పట్టడంలో అంత నేర్పరులు. ఒకప్పుడు తోళ్ళ వ్యాపారులకు పాముల్ని పట్టి ఇచ్చేవాళ్ళు. తోళ్ళ వ్యాపారం ఆగిపోయి కూటికి ఇబ్బంది పడ్డారు. 1978లో వాళ్ళకు ఒక సహకార సంఘం ఏర్పడింది. మద్రాసు గిండీలో పాముల పార్కు పెట్టిన రాములస్ విటేకర్ అనే ఆయన అందుకు తోడ్పడ్డాడు. మహాబలిపురం పోయే దారిలో వడనెమ్మెలి అనే చోట ఆ సంఘం ఉంది.

అక్కడ ప్రభుత్వ అనుమతితో పాముల్ని పడతారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. మట్టికుండల్లో ఉంచి మూతికి గుడ్డ కడతారు. వారానికి ఒకసారి చొప్పున నాలుగుసార్లు విషం తీస్తారు. ఆ తరువాత మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటుకు సూదిమందు తయారవుతుంది. నెల రోజులే ఎందుకు? ఆరోగ్యంగా ఉన్న పాము నెల రోజులు తినకపోయినా దానికి కీడు ఉండదు. అంతకు మించి కుండలో పెడితే చిక్కిపోతుంది. పాము ఎంతకాలం ఓర్చుకొంటుందో ఇరుళర్లకు తెలుసు, ఆ లెక్క దాటరు. ఆ సంఘం నుంచి వడివేల్ గోపాల్, మాసి సదయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇక మన పక్క ఇంకో జబ్బు ఉంది. రెండు తలల పాము! లక్షలు పలుకుతుందని, ఇంట్లో ఉంటే డబ్బు కురుస్తుందని చెప్పి మోసగాళ్ళు అమ్ముతుంటారు. పోలీసులు పట్టుకొన్నారని పేపర్లో చదువుతూనే ఉంటాం. ఇప్పుడు మీరే చదువుకోగలరు గదా. ఆ పాముకు ఉండేది ఒకటే తల. తోక మొద్దుగా తలలాగా ఉంటుంది. శత్రువు వస్తే తల దాచి తోక చూపిస్తుంది. తలను కాపాడుకొనే ఉపాయం అది. ఇసుకలో, మెత్తటి మన్నులో దూరి ఉండటం దాని బతుకు. ఎలుకలు దాని తిండి. దాన్ని తెచ్చి బకెట్లోనో బిందెలోనో పెడతారు. దూరేదానికి మన్ను లేదు. రాత్రీ పగలూ బేరగాళ్ళు మూత తీసి చూస్తుంటారు. అది తిండి మానేస్తుంది. బరువు తగ్గితే ధర తగ్గుతుందని నోట్లో బలవంతంగా కుక్కుతారు. పేగు చిరుగుతుంది, పాము చస్తుంది. అప్పు చేసి కొన్నవాడి కొంప కూడా దాంతోపాటే మునుగుతుంది. దాన్ని అమ్మినా నేరమే, కొన్నా నేరమే.

సెల్లులో వీడియోలు చూసి పాముల్ని డబ్బాలో పెట్టుకొనే కుర్రోళ్ళు కూడా ఇప్పుడు తయారైనారు. కొన్ని దేశాల్లో అనుమతి ఉండి పాముల్ని పెంచుతారు. బాల్ పైథాన్ అని ఆఫ్రికా కొండచిలువ ఒకటి ఉంది. నెలల తరబడి తినకుండా యజమానిని ఏడిపించడంలో దానికి పెద్ద పేరు. అక్కడివాళ్ళు వెచ్చదనానికి దీపాలు పెడతారు, దాక్కొనేదానికి గూడు పెడతారు, తూకం వేసి రాసుకొంటారు, పాముల డాక్టరుకు చూపిస్తారు. అయినా కొన్ని తినవు. మన అబ్బాయి దగ్గర ఉండేది పచ్చడి డబ్బా. మూతకు రెండు బొక్కలు. తినలేదని నోరు తెరిచి కోడి ముక్క కుక్కబోతాడు. జెర్రిపోతు అనుకొని పట్టింది నాగుపాము అయితే? చిన్న కొండచిలువ అనుకొన్నది రక్తపింజరి అయితే? ఆ రెండింటినీ ఒకటనుకొని చేయి పెట్టినవాళ్ళు ఉన్నారు. మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క వేసింది. 2000 నుంచి 2019 వరకు లెక్క అది. ఎక్కువ మంది పోయే రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

"నెల రోజులు తినని పాముకు విషం తగ్గదా సార్?" అని అన్న అడుగుతున్నాడు. తగ్గదన్నా. తినని పాము విషాన్ని వాడదు గదా, తిత్తి నిండుగానే ఉంటుంది. కోర పీకినా అంతే. వెనకాల చిన్న కోరలు వరుసగా తయారుగా ఉంటాయి. కొద్ది వారాల్లో కొత్తది వచ్చేస్తుంది. కోరలు పీకిన పాము అని నమ్మి చేత్తో పట్టుకోవద్దు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం ఏదీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి పోండి. తిరుపతి రుయా మనకు దగ్గరే.

"చిక్కిపోయిన పాము బుట్టలో కనిపిస్తే ఏం చెయ్యాలి?" అటవీ శాఖవాళ్ళకు చెప్పండి. మీరు విడిపించబోవద్దు. నీళ్ళు, వెచ్చన, చీకటి, మందు, ఇవన్నీ దానికి వరుసగా కావాలి. కొన్నిటికి నయమవుతుంది. విషపు తిత్తి పోయినదాన్ని అడవిలో వదిలినా వేటాడలేదు.

"ఇంట్లోకి వచ్చిన పాముకు ఏమైనా పెట్టాలా?" ఏమీ పెట్టొద్దమ్మా. అది వచ్చిందే తినేదానికి. ఎలుక వాసన పట్టుకొని వచ్చింది. విత్తనం చెనిక్కాయల మూటలు గోడకు ఆనించి నేల మీద వేసి ఉంటారు. వాటి వెనకాల ఎలుక పిల్లలు పెట్టి ఉంటుంది. మూటల్ని చెక్కల మీద పెట్టి, గోడకు మూరెడు దూరం జరపండి. గోడలో బొక్కలు పూడ్చండి. రాత్రి నేల మీద పడుకోకుండా మంచం వేసుకొని, దోమతెర పరుపు కిందికి దోపుకోండి. కట్లపాము తిరిగేది ఆ వేళలోనే.